గూడు కాచే మగ చేప శక్తి వ్యయం: పటాన్‌చెరు చెరువుల కొర్రమీను

తొలకరి వానలకు చెరువు అంచున కొత్త నీరు చేరగానే కొర్రమీను జంట తుంగ, గుర్రపుడెక్కల నడుమ కొంత జాగాను శుభ్రం చేసుకొని గూడు కట్టుకుంటుంది. నూనె బిందువు ఉండడం వల్ల గుడ్లు నీటిపై తేలుతాయి, ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఎర్రని పిల్లలు గుంపుగా నీటి పైపొరలో తిరుగుతుంటే కాపలా ప్రధానంగా మగ చేపపై పడుతుంది. కొన్ని వారాలపాటు అది ఆ గుంపును విడిచి దూరంగా వేటకు పోలేదు.

చేప తిన్న ఆహారంలోని శక్తి శ్వాసక్రియకు, పెరుగుదలకు, విసర్జనకు ఖర్చవుతుంది. కాపలా కాలంలో రాబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఆ లోటును శరీరంలో నిల్వ ఉన్న కొవ్వు, మాంసకృత్తులే పూడ్చాలి. ఉత్తర అమెరికాకు చెందిన స్మాల్‌మౌత్ బాస్‌లో ఈ లెక్క బాగా తేలింది. అందులో ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్ళిపోగా మగ చేప ఒక్కటే గూడు కాస్తుంది. 1991లో హించ్, కాలిన్స్ అనే శాస్త్రవేత్తలు వీడియో పరిశీలనతో పగటి కాపలాతోపాటు రాత్రి కాపలానూ శక్తి పద్దులో చేర్చారు. శక్తి బాగా అడుగంటితే కొన్ని జాతుల మగ చేపలు తమ గుడ్లను తామే తింటాయి. ఇది క్రూరత్వం కాదు. ఈ ఏటి సంతానాన్ని వదులుకొని వచ్చే ఏటి సంతానం కోసం బతకడం.

నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. స్టికిల్‌బ్యాక్ మగ చేప అటువంటి నీటిలో గుడ్లకు రెక్కలతో మరింతగా విసరవలసి వస్తుంది. కొర్రమీను గుడ్లు తేలేవి కనుక దానికి ఆ శ్రమ తక్కువ. పైగా పెద్ద చేప నేరుగా గాలిని పీల్చి బతుకుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. గాలి పీల్చే అవయవం పిల్లల్లో వెంటనే ఏర్పడదు. తండ్రి తట్టుకోగల నీరు గుడ్డుకు, పిల్లకు ప్రాణాంతకం కావచ్చు. వెచ్చదనమూ తోడవుతుంది: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చేపల జీవక్రియ రేటు దాదాపు రెట్టింపవుతుంది. చల్లని నీటి చేప పస్తుకంటే మన చెరువుల చేప పస్తు రోజుకు ఎక్కువ ఖరీదు.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడ ఈ లెక్కకు మరొక పద్దును చేర్చింది. సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలాన్ని స్వీకరించే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ప్రకటించింది. ఆ నీరు అప్పట్లో ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. 2009లో ప్రచురితమైన మరో అధ్యయనంలో ఆ నీటిని 500 రెట్లు పలుచన చేసి అందులో రెయిన్‌బో ట్రౌట్ చేపలను ఉంచారు. అప్పటికీ వాటి కాలేయంలో విషాలను విరిచే సైటోక్రోమ్ ఎంజైము చర్య పెరిగింది. ఇటువంటి నిర్విషీకరణకూ శక్తి కావాలి. ట్రౌట్ ఫలితాన్ని కొర్రమీనుకు యథాతథంగా అన్వయించరాదు గాని, పస్తుండి కాపలా కాసే చేపకు నీటిలోని విషంతో పోరాటం అదనపు భారమని అనుమానించడానికి ఇది తగిన ఆధారమే.

ఈ కారణంగా సంగారెడ్డి జిల్లా చెరువుల సర్వేలో వలకు చిక్కిన పెద్ద కొర్రమీనుల సంఖ్యను బట్టి చెరువు ఆరోగ్యాన్ని నిర్ణయించడం పొరపాటు. కలుషిత జలంలోనూ పెద్ద చేపలు కొంతకాలం నెట్టుకు రాగలవు. తొలకరి తరువాత చెరువు అంచుల్లో కనిపించిన ఎర్రపిల్లల గుంపులు ఎన్ని, ప్రతి గుంపు వెంట కాపలా చేప ఉన్నదా, అదే గుంపు వారం తరువాత ఎంత మిగిలింది అన్నవి నమోదు చేయాలి. విద్యార్థులు ఒడ్డున నిలబడి చేయగల పని ఇది. పొడవును బట్టి ఉండవలసిన బరువుతో కాపలా చేప అసలు బరువును పోల్చి చూడాలనిపించడం సహజమే గాని, అందుకు దానిని పట్టడం తగదు. పిల్లల గుంపు దగ్గర వేసిన గాలాన్ని అది ఆకలితో కాక కోపంతో అందుకుంటుంది, కనుక సులువుగా చిక్కుతుంది. జాలరులకు ఇది తెలిసిన సంగతే. తండ్రిని తీసిన చోట పిల్లల గుంపు చెదిరి ఇతర చేపలకు, కొంగలకు ఆహారమవుతుంది.