గళ్లు వేసిన ఆధార్ నంబరు భద్రమేనా?

ప్రశ్న: ఇంటి ఓనరుకు వాట్సాప్‌లో ఆధార్ ఫొటో పంపాలి. బ్రౌజర్‌లోనే నంబరును పిక్సెలేట్ చేసే సైట్ దొరికింది. ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ మాటను మీరే పరీక్షించండి. పేజీ తెరుచుకున్నాక నెట్ పూర్తిగా ఆపేసి, అప్పుడు ఫొటో ఎంచుకోండి. అయినా పని జరిగితే ఆ లెక్కంతా మీ ఫోన్‌లోనే జరుగుతున్నట్టు. నెట్ మళ్లీ ఆన్ చేసేముందు ఆ ట్యాబ్ మూసేయండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ గళ్లే. పిక్సెలేషన్ అంకెను పూర్తిగా చెరపదు. ఒక్కో గడిలో రంగుల సగటును మిగులుస్తుంది. ఉన్న అంకెలు పదే. వాటిని అదే ఫాంటులో రాసి, అలాగే గళ్లు వేసి, మీ ఫొటోతో పోల్చుకుంటూ పోతే అసలు నంబరు బయటపడవచ్చు. 2020లో వచ్చిన డెపిక్స్ అనే ప్రోగ్రాము స్క్రీన్‌షాట్లలోని అక్షరాలను ఇలాంటి పోలికతోనే రాబడుతుంది. కాబట్టి నంబరు మీద నిండు నల్లరంగు పెట్టె వేయండి. పల్చటి మార్కర్ గీతలు వద్దు. క్యూఆర్ కోడ్‌లోనూ మీ వివరాలుంటాయి, దాన్నీ కప్పేయండి.

అసలు ఆధార్ విషయంలో ఈ శ్రమ అక్కర్లేదు. యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుంటే అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ఓనరుకు అదే పంపండి.