గడ్డ ముక్క గాజుపలక ఎక్కేదాకా

మహారాష్ట్రలోని భివండీలో నిజాంపురా గల్లీల కుక్కలకు యజమాని అంటూ ఉండడు. రాత్రిపాళీలో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్లు పెట్టే రొట్టె ముక్కలే వాటికి దిక్కు. అలాంటి కుక్కకు తోక కింద ఎర్రటి గరుకు గడ్డ లేచి, ముట్టుకుంటే నెత్తురు కారుతుంటే, కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో వచ్చి అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: జంతువులకు కూడా క్యాన్సర్ వస్తుందా?

వస్తుంది. కుక్కకు, ఎద్దుకు, కోడికి, చేపకు, అన్నిటికీ వస్తుంది. కెనడాలో 1989లో దొరికిన సెంట్రోసారస్ అనే డైనోసార్ కాలి ఎముకలో ఎముక క్యాన్సర్ ఉందని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ జంతువు సుమారు ఏడున్నర కోట్ల ఏళ్ల నాటిది. అయితే కనబడిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. చీముగడ్డ ఉంటుంది, కొవ్వుగడ్డ ఉంటుంది, దెబ్బ తగిలిన వాపు ఉంటుంది. ఏది ఏదో తేల్చేది ముక్క పరీక్ష. గడ్డ నుంచి గాజుపలక దాకా ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం.

మొదట పశువైద్యుడు చేత్తో చూస్తాడు. గడ్డ చర్మం కింద కదులుతోందా, లోపల అంటుకుపోయిందా? ఎన్నాళ్లుగా పెరుగుతోంది? ఎద్దయితే కొమ్ము చూస్తాడు. మన దేశపు పశువుల్లో కొమ్ము క్యాన్సర్ బాగా తెలిసిన జబ్బు. ఎక్కువగా పనిచేసే వయసు ఎద్దులకే, సాధారణంగా ఒక్క కొమ్ముకే వస్తుంది. ఎద్దు ఊరికే తల విదిలిస్తుంది, ఒకవైపుకి వంచి నిలబడుతుంది, ఆ వైపు ముక్కులోంచి నెత్తురు జీర కారుతుంది. కొన్నాళ్లకు కొమ్ము వదులై పక్కకు వాలుతుంది. నెత్తురు జీర కనబడిన రోజే డాక్టరును పిలవాలి. కొమ్ము వాలేదాకా ఆగితే లోపల చాలా నష్టం జరిగిపోతుంది.

కుక్క విషయంలో తొలి పరీక్ష తేలిక. గడ్డ మీద గాజుపలకను అద్ది తీస్తారు, లేదా సూది గుచ్చి లాగిన చుక్కను పలక మీద పలచగా పరుస్తారు. గాలికి ఆరాక మిథనాల్‌లో ముంచి, గీంసా రంగు వేసి చూస్తారు. గుండ్రటి కణాలు, వాటి లోపల నీటి బుడగల్లా తెల్లటి ఖాళీలు వరసగా కనబడితే అది కుక్కల అంటుగడ్డ. ఇది వింతయిన క్యాన్సర్. జత కట్టినప్పుడు, నాకినప్పుడు, కరిచినప్పుడు క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దిగి పెరుగుతాయి. 1876లో నోవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు ఈ గడ్డ ముక్కను ఒక కుక్క నుంచి తీసి మరో కుక్కలో నాటి పెంచి చూపాడు. జన్యువులను పోల్చి చూస్తే, ప్రపంచంలోని ఈ గడ్డలన్నీ వేల ఏళ్ల కిందట ఆసియాలో బతికిన ఒకే కుక్క కణాల సంతానమని తేలింది. ఆ కుక్క ఏనాడో పోయింది, దాని క్యాన్సర్ మాత్రం ఇంకా బతికే ఉంది. మనుషులకు ఇది అంటదు.

మిగతా గడ్డలకు ముక్క తీయాల్సిందే. బాగా కుళ్లిన నడిభాగం పనికిరాదు. జబ్బు కండ, మంచి కండ కలిసే అంచు దగ్గర కోయాలి. ముక్క అర సెంటీమీటరు మందం మించితే నిల్వ మందు లోపలికి ఇంకదు. ముక్కను వెంటనే ఆ మందులో, అంటే పది శాతం ఫార్మలిన్‌లో వేస్తారు. మందు ముక్కకు పదింతలుండాలి, సీసా మూతి వెడల్పుగా ఉండాలి. ఇరుకు మూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు. ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీరు మంచుగా మారి కణాలు చిట్లిపోతాయి. చీటీ మీద వివరాలు పెన్సిల్‌తో రాయాలి, సిరా కరిగిపోతుంది.

ఫార్మలిన్‌లో ఒక రోజు నానాక ల్యాబ్‌లో ముక్కను క్రమంగా చిక్కబడే ఆల్కహాల్‌లలో ముంచి నీరంతా లాగేస్తారు. తర్వాత జైలీన్, ఆపైన కరిగిన మైనం. మైనం గట్టిపడ్డాక ఆ దిమ్మను మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద బిగించి నాలుగైదు మైక్రాన్ల మందంతో చెక్కుతారు. చెక్కులు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా సాగి వస్తాయి. గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడతలు విప్పుకుంటాయి, అప్పుడు గాజుపలకను కిందనుంచి పోనిచ్చి ఎత్తుకుంటారు.

ఇక రంగు వేయడం. నేతవాళ్లు చూస్తే ఇది తమ ఇంటి పనే అనుకుంటారు. హెమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి వచ్చే రంగు. దానంతట అది కణానికి పట్టదు, పటిక కలిపితేనే పడుతుంది. నూలుకు పటిక వేసి రంగు పట్టించినట్టే. ముందు ఎర్రటి ఊదాలో ఉన్న పలక, కుళాయి నీటి కింద పెట్టగానే కళ్లముందే నీలమవుతుంది. నీటిలోని కాస్త క్షారం చేసే పని అది. కణాల కేంద్రకాలు నీలం పట్టాక, మిగతా భాగానికి ఇయోసిన్ గులాబీ పూస్తారు.

మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు చూసేది క్రమశిక్షణ. మంచి కణాలు ఒకే సైజులో, తమ పొరలో కుదురుగా ఉంటాయి. క్యాన్సర్‌లో కేంద్రకాలు ఉబ్బి, తలో ఆకారంలో ఉంటాయి; కణాలు ఎక్కడపడితే అక్కడ విభజన చెందుతూ, పొర చీల్చుకుని కిందికి దిగుతాయి. కొమ్ము క్యాన్సర్‌లో కెరటిన్ గుండ్రంగా చుట్టుకున్న గులాబీ ఉండలు కనబడతాయి. రిపోర్టు అక్కడ పుడుతుంది.

జంతువులకే కాదు, మొక్కలకూ గడ్డలొస్తాయి. కానుగ ఆకుల మీద బొడిపెలు చూసే ఉంటారు. కంటికి ఆనని నల్లి పురుగులు చేసే పని అది, క్యాన్సర్ కాదు. గులాబీ, ద్రాక్ష మొదళ్లలో లేచే కిరీట గడ్డ మాత్రం క్యాన్సర్‌కు దగ్గరి చుట్టం. ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా దానికి కారణమని 1907లో స్మిత్, టౌన్‌సెండ్ తేల్చారు. అది తన డీఎన్‌ఏ ముక్కను మొక్క కణంలోకి ఎక్కిస్తుందని 1977లో రుజువైంది. ఆ ముక్క ఎక్కాక బాక్టీరియాను చంపినా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. అయితే మొక్క కణం గోడకు కట్టుబడి ఉంటుంది, విడిపోయి ప్రయాణించలేదు. అందుకే జంతువుల్లోలాగా క్యాన్సర్ మొక్కంతా పాకదు. కిరీట గడ్డను చూడటానికి మైనం కూడా అక్కర్లేదు, కొత్త బ్లేడుతో పలచగా కోసి సాఫ్రనిన్ రంగు వేస్తే చాలు.

మళ్లీ కుక్క దగ్గరికి వస్తే, అంటుగడ్డకు మందు విన్‌క్రిస్టిన్. మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీస్తారు. వారానికో ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలిస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. సిరలోకి ఎక్కించే ఈ మందు బయటికి కారితే కండను కాల్చేస్తుంది కాబట్టి డాక్టరే ఇవ్వాలి, ముందు రక్తపరీక్ష చేయాలి.

భివండీ వాళ్లకు ముంబయిలోని పరేల్‌లో 1886 నాటి పశువైద్య కళాశాల ఉంది. గడ్డకు దారం కట్టడం, కాల్చడం, పసరు పూయడం మానండి. కుక్కనో ఎద్దునో డాక్టరుకు చూపించండి. గడ్డ కోసినప్పుడు పారేయనివ్వకండి, ముక్క పరీక్షకు పంపమని మీరే అడగండి.