గాజు పెట్టెలోని అతిథులు

కొల్లేటి గట్టున వానకాలమున ఏ ఇటుక నెత్తి చూచినను దాని క్రింద బూడిదరంగు పురుగులు కొన్ని గబగబ పరుగెత్తి చీకటిలో దూరును. మనము చూచియు చూడనట్లు ఇటుకను మరల అచ్చటనే వేయుదుము. ఆకివీడు దాపున మా పెరటిలో కొబ్బరి డొక్కల కుప్ప క్రింద అవి వందలకొలది ఉన్నవి. ఎనిమిదవ తరగతి చదువు మా మనుమడు ఒకనాడు వానిని దోసెడు పట్టి తెచ్చి తన గాజు పెట్టెలో వేసెను. అందువలన వచ్చిన చిక్కును, మేమిరువురము తెలిసికొన్న సంగతులును మీకు చెప్పెదను.

ఆ పెట్టెలో రెండు సన్న్యాసి పీతలు ఉండెడివి. మా కోడలు పట్టణములో ఒక అంగడినుండి కొని తెచ్చినది. ఈ పీతకు ముందు భాగము గట్టిది, పొట్ట మెత్తనిది. కావున అది చచ్చిన నత్త విడిచిన గుల్లలో తన పొట్టను చుట్టి దాచుకొని, ఆ ఇంటిని మోసికొనుచు తిరుగును. ఒడలు పెరిగిన కొలదిని పెద్ద గుల్లను వెదకికొనును. దీనికి సన్న్యాసి యను పేరు ఎవరు పెట్టిరో గాని నాకు నచ్చలేదు. ఇల్లు విడిచినవాడు సన్న్యాసి. ఇది క్షణమైనను ఇల్లు విడువదు! నేలమీద బ్రదుకు జాతియైనను ఇది మొప్పలతోనే గాలి పీల్చును. ఆ మొప్పలు ఎండిపోరాదు. అందుచేత పెట్టెలో తడియిసుకయు, కొబ్బరిపీచును, మంచినీటి పాత్ర ఒకటియు, ఉప్పునీటి పాత్ర ఒకటియు ఉంచి, పైన మూత వేయవలయును.

తడి యున్నచోట బూజు పుట్టక మానదు. "తాతగారూ! పీతలు వదలిన తిండి కుళ్ళిపోవుచున్నది. మన పెరటి పురుగులు బూజును, కుళ్ళును తినునట. నాలుగు తెచ్చి వేయనా?" అని మనుమడు అడుగగా నేను పత్రికనుండి తల యెత్తకయే "వేయుము, నాయనా" అంటిని. తప్పులో సగము నాది.

ఆలోచన చెడ్డది కాదు. మనము పురుగు అనునది నిజమునకు కీటకము కాదు. కీటకమునకు కాళ్ళు ఆరు, దీనికి పదునాలుగు. శాస్త్రజ్ఞులు దీనిని ఐసోపాడు అందురు. గ్రీకు భాషలో సమానమైన పాదములు కలది యని దాని యర్థము. మనము సమపాది యందము. పీతయు, రొయ్యయు ఏ క్రస్టేసియా వంశమునకు చెందినవో ఇదియు ఆ వంశమునకే చెందినది. దీని పూర్వులు సముద్రవాసులు. నేటికిని ఇది పొట్టక్రింద నుండు మొప్పలవంటి పలుచని రేకులతోనే ఊపిరి పీల్చును. ఆ రేకులు ఎండినను చచ్చును, నీట మునిగియున్నను చచ్చును. తల్లి గ్రుడ్లను తన రొమ్ముక్రింది సంచిలో, తడిలో, మోయును. పిల్లలు ఆ సంచినుండి వెలువడునపుడు వానికి ఆరు జతల కాళ్ళే ఉండును. ఏడవ జత పిదప వచ్చును. కుబుసమునైనను ఇది ఒక్కమారు విడువదు. మొదట వెనుక సగము విడిచి, కొన్ని దినములు ఆగి ముందు సగము విడుచును. రాలిన ఆకు, కుళ్ళిన కట్టె, బూజు, ఇతర జీవుల మలము దీని యాహారము. సన్న్యాసి పీతల పెట్టెకు ఇంతకంటె మంచి పాకీవాడు దొరకడు.

చిక్కు వచ్చినది సమపాదులవలన కాదు, వానితోపాటు వచ్చిన మంటివలన. మూడవనాటి రాత్రి మనుమడు దీపము వేసి చూచి కేక పెట్టెను. వేలెడు జెర్రి యొకటి ఇసుకపై ప్రాకి, మమ్ము చూచి ఇసుకలోనికి దూరినది. అంతకు పదిదినములు ముందు పెద్దపీత కుబుసము విడుచుటకై ఆ ఇసుకలోనే పూడుకొని యున్నది. అట్టి సమయమున దాని ఒడలు వెన్నవలె మెత్తగా నుండును. తన్ను తాను కాచుకొనలేదు. జెర్రి విషపు కోరలు గల వేటగాడు. త్రవ్వి పీతను పైకి తీయుదమన్న, ఆ దశలో కదపుట దాని ప్రాణమునకు ముప్పు. ఊరకుందమన్న జెర్రి యచ్చటనే యున్నది. "అది చచ్చిపోవునా, తాతగారూ?" అని వాడు అడిగినపుడు నాకు వెంటనే సమాధానము తోచలేదు.

అనుభవము గల రొయ్యల రైతు ఎవరైనను మమ్ము చూచి నవ్వియుండును. 1994, 95 సంవత్సరములలో కోస్తా జిల్లాల రొయ్యల చెరువులను తెల్లమచ్చ తెగులు తుడిచిపెట్టినది. అది వైరసు వలన కలుగును. రొయ్య పెంకుపై తెల్లని మచ్చలు కనబడిన పిమ్మట మూడు మొదలు పది దినములలో చెరువంతయు ఖాళీ కావచ్చును. ఆ కాలమున హేచరీలవారు సముద్రమున పట్టిన టైగరు తల్లిరొయ్యలను తెచ్చి పిల్లను తీయుచుండిరి. పైకి నవనవలాడుచున్న తల్లిలోనే వైరసు దాగియుండి పిల్లకు సంక్రమించెడిది. పీతలు ఆ వైరసును మోసికొనియు చావక తిరుగును. కనుకనే నేడు రొయ్యల చెరువుల గట్లపై పీతలు దాటకుండ చుట్టును వల కట్టుదురు. 2009లో వెనామీ రొయ్యను పెంచుటకు అనుమతి యిచ్చినపుడు, విదేశమునుండి వచ్చు తల్లిరొయ్యలను చెన్నపట్టణములోని నీలాంగరై వద్ద వేరుగా ఉంచి, పరీక్షించిన పిమ్మటనే హేచరీలకు పంపు ఏర్పాటు చేసిరి. ఆ ఏర్పాటునకు క్వారంటైను అని పేరు. 2020లో ఆ మాట ఇంటింటికిని తెలిసినది.

మేము ఆ పని ఆలస్యముగా మొదలుపెట్టితిమి. రాత్రులు వంతులు వేసికొని కాపలా కాచితిమి. నాలుగవ రాత్రి జెర్రి నీటిపాత్ర యొద్దకు వచ్చినది. పట్టుకారుతో పట్టి పెరటి యవతల విడిచితిమి. పిదప సమపాదులను కూడ వెలికి తీయదలచి, బంగాళాదుంపను చెక్కులుగా కోసి సాయంకాలము ఇసుకపై పరచితిమి. తెల్లవారునప్పటికి అవి చెక్కుల క్రింద గుంపులుగా చేరియుండెను. ఇట్లు వారము దినములలో అన్నియు బయటికి వచ్చినవి.

వానిని ఒక ఊరగాయ జాడీలో తడిపీచు, ఎండుటాకులు, ఒక బెరడుముక్క వేసి, పలుచని గుడ్డ కట్టి, నెలదినములు వేరుగా ఉంచితిమి. మా పెరటి మట్టి ఒక్క రేణువైన అందు వేయలేదు. ఏదైన చచ్చుచున్నదా, ధూళివలె కదలు సూక్ష్మజీవులు ఒడలిపై పట్టియున్నవా యని మనుమడు దినదినమును చూచి పుస్తకమున వ్రాసెను. కొన్ని దేశములలో నీలి, ఊదా రంగుల సమపాదులు కనబడునని చదివి అట్టిది దొరకునా యని వాడు ఆశపడెను. ఆ నిగనిగ అందము కాదు, ఒక వైరసు రోగపు గుర్తు అని చెప్పితిని. సంఖ్య చాలలేదని వాడు చేనిగట్టునుండి మరికొన్ని తెత్తుననగా నేను ఒప్పుకొనలేదు. చేలపై చల్లు పురుగుమందు పీతలకును విషమే. అదియుగాక సమపాదులు మట్టిలోని రాగి, సీసము వంటి లోహములను ఒడలిలో కూడబెట్టుకొనును. రోడ్డు ప్రక్కవి కూడ అందుకే పనికిరావు.

నెల గడచిన పిమ్మట వానిలోని పిల్లలను ఇరువదింటిని మాత్రము పెట్టెలో విడిచితిమి. ఆకలిగొన్న సమపాదులు మెత్తని పీతను కొరుకవచ్చునని తలచి ఎండుటాకులు దండిగా వేసితిమి. నీటిపాత్రలలో అవి మునుగకుండ ఒక్కొక్క గరుకురాయిని ఉంచితిమి.

పెద్దపీత జాడ లేదు. నలువది దినములైనవి. చిన్నపీత ఒంటిగా తిరుగుచుండెను. ఇసుకనుండి దుర్వాసన వచ్చుచున్నదేమో యని మనుమడు ప్రతి ఉదయమును ముక్కు పెట్టి చూచి "రాలేదు, తాతగారూ" అని చెప్పెడివాడు. ఏబదిరెండవ దినమున ఇసుక చీలెను. నిగనిగలాడు క్రొత్త కాళ్ళతో పెద్దపీత మెల్లగా పైకి వచ్చి, నేరుగా ఉప్పునీటి పాత్రలో దిగి కూర్చుండెను. మరి రెండు దినములకు అది మేముంచిన పెద్ద గుల్లలోనికి మారినది. ఖాళీయైన పాత గుల్లలో సమపాదులు కాపురము పెట్టినవి.