మొదటి ర్యాంకు వచ్చిన మరుసటి సంవత్సరం



ఉపకారవేతనాల రెన్యూవల్ దరఖాస్తులు చూసేటప్పుడు ఒక సంగతి నాకు తరచుగా కనబడుతుంది. పదో తరగతిలో 95 శాతం తెచ్చుకున్న అమ్మాయి మరుసటి సంవత్సరం 75 దగ్గర ఆగిపోతుంది. తండ్రి మార్కుల పత్రం మడత విప్పి బల్ల మీద పెడతారు. "ఏమైందో తెలియడం లేదు సార్, దిష్టి తగిలినట్టుంది" అంటారు. ఆ అమ్మాయి తల ఎత్తదు. ఈ పాఠం ఆమె కోసం.

గోల్ఫ్ మన ఇళ్ళల్లో ఆడే ఆట కాదు. చిన్న బంతిని కర్రతో కొడుతూ వరుసగా 18 గుంతలలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బలలో ముగిస్తే అంత గొప్ప. ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ బేకర్-ఫించ్ 1991లో ఇంగ్లాండులోని రాయల్ బర్క్‌డేల్ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. చివరి రోజు 66 దెబ్బలతో ముగించాడు. ఆ ఆటలో అంతకన్నా పెద్ద గౌరవాలు అరుదు.

ఆ తరువాత బంతిని ఇంకా దూరం కొట్టాలని తన పద్ధతిని మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఆట క్రమంగా చెడింది. 1995లో సెయింట్ ఆండ్రూస్‌లో, చాలా విశాలమైన మొదటి మైదానంలోనే బంతిని హద్దు దాటించాడు. 1995, 1996 సంవత్సరాలలో అమెరికా పి.జి.ఎ. టూర్‌లో ఆడిన 29 పోటీలలో ఒక్కటీ సరిగా పూర్తి చేయలేకపోయాడు. 1997 బ్రిటిష్ ఓపెన్‌లో మొదటి రోజే 92 దెబ్బలు పడ్డాయి. పోటీ నుండి తప్పుకున్నాడు. విచిత్రమేమిటంటే సాధనలో బంతిని చక్కగానే కొట్టేవాడు. పోటీలో నిలబడితే చేయి మాట వినేది కాదు.

ఇందులో రెండు సంగతులు విడదీసి చూడాలి.

మొదటిది లెక్కల సంగతి. ఏ పరీక్షలోనైనా మన మార్కులలో మన శక్తి కొంత, ఆ రోజు అదృష్టం కొంత ఉంటాయి. చదివిన ప్రశ్నలే వచ్చాయనుకోండి, 85 శక్తికి 95 వస్తుంది. మరుసటిసారి అదృష్టం మామూలుగా ఉంటే 85 దగ్గరికే వస్తాం. గణాంకశాస్త్రంలో దీనిని సగటు వైపు తిరిగిరావడం అంటారు. పైగా తరగతి పెరిగితే పాఠం కూడా బరువెక్కుతుంది. కాబట్టి మొదటి తగ్గుదల దిష్టీ కాదు, నేరమూ కాదు.

రెండవది మనం చేతులారా తెచ్చుకునేది. తగ్గగానే భయపడి అన్నీ మార్చేస్తాం: ట్యూషను, గైడు, చదివే వేళ, చివరికి గ్రూపు కూడా. అలవాటుగా చేసే పనిని అడుగడుగునా అనుమానిస్తూ చేస్తే వచ్చిన పని కూడా రాదు.

నా అనుభవం చెబుతాను. బ్యాంకులో లెడ్జర్లు చేత్తో రాసే కాలం. ఒక క్లోజింగులో నా లెడ్జరు మొదటిసారికే టాలీ అయిందని మేనేజరుగారు అందరి ముందు మెచ్చుకున్నారు. మరుసటి అర్ధ సంవత్సరం 270 రూపాయల తేడా వచ్చింది. మూడు రాత్రులు మొత్తం లెడ్జరు తిరగేసి కూడాను. సరిగా ఉన్న పేజీలను కూడా దిద్ది, కొత్త తప్పులు తెచ్చాను. చివరికి మా హెడ్ క్లర్కుగారు, "తేడా 9తో భాగించి చూడవయ్యా. శేషం లేకపోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయి. ఆ ఒక్కటి వెతుకు, మిగతా జోలికి పోకు" అన్నారు. నా దిద్దుళ్ళు కొట్టేసి వెతికితే అరగంటలో దొరికింది. 630 బదులు 360 వేశాను. తప్పు ఒక్క పద్దులో ఉంది. నేను మాత్రం నా చేతినే నమ్మడం మానేశాను.

అందుచేత విద్యార్థులు ఇలా చేయండి. తగ్గిన మార్కుల జవాబు పత్రాలు తెచ్చుకుని, ఏ పాఠంలో, ఏ రకం ప్రశ్నలో ఎన్ని పోయాయో ఒక కాగితం మీద పద్దులుగా రాయండి. అన్నిటికన్నా పెద్ద పద్దు ఒక్కటి తీసుకుని నెల రోజులు దాని మీదే పని చేయండి. సరిగా ఉన్న సబ్జెక్టుల పద్ధతి మార్చవద్దు. ఇంట్లో గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయండి. సాధనలో వచ్చింది పరీక్షలో కూడా రావాలంటే అదే దారి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల పాత ర్యాంకు బంధువుల ముందు పదేపదే చెప్పకండి. అది వారికి ఆస్తిగా కాక అప్పుగా తోస్తుంది.

అమెరికా ఆటగాడు డేవిడ్ డువాల్ 1999లో ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచాడు, 2001లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తరువాత గాయాలతో, ఆట చెడి, వందల స్థానాల కిందికి జారాడు. 2009లో 882వ స్థానంలో ఉండి కూడా యు.ఎస్. ఓపెన్‌లో రెండవ స్థానాన్ని పంచుకున్నాడు. పి.జి.ఎ. టూర్‌లో మళ్ళీ గెలవలేదు, నిజమే. కానీ నేర్చిన విద్య ఎక్కడికీ పోలేదని తేలింది. బేకర్-ఫించ్ టీవీ వ్యాఖ్యాతగా మారి, 2025లో విశ్రాంతి తీసుకునేవరకు ఆ ఆటలోనే గౌరవంగా బ్రతికాడు.

75 శాతం అన్నది ఈ సంవత్సరపు క్లోజింగ్ బ్యాలెన్సు మాత్రమే. ఖాతా మూసివేయలేదమ్మా. తల ఎత్తి ఆ జవాబు పత్రం తీసుకురా, కూర్చుని చూద్దాం.