ఉపగ్రహాలు చూపే దారి

ఇర్వింగ్ పట్టణం టెక్సాస్ రాష్ట్రంలో డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాల నడుమ ఉన్నది. దీనికి పడమటి వైపున పెద్ద విమానాశ్రయం ఉన్నది. 114, 183 సంఖ్యలు గల రాష్ట్ర రహదారులు, ప్రెసిడెంట్ జార్జి బుష్ టర్న్‌పైక్ ఈ ఊరి గుండా పోతాయి. ఇన్ని దారులు కలిసి విడిపోయే చోట కొత్తవారు తికమక పడడం సహజం. మన పల్లెలలో దారి తెలియనివారు రచ్చబండ మీద కూర్చున్న పెద్దలను అడిగేవారు. “ఆ రావిచెట్టు దాటి కుడిచేతి వైపు తిరుగు నాయనా” అని వారు చెప్పేవారు. ఇప్పుడు ఆ పనిని కారులోని తెర చేస్తున్నది. దానికి దారి ఎలా తెలుస్తుంది? దానిమీద కనబడే మాటలకు అర్థమేమిటి?

ఉపగ్రహాలు చేసే పని

మనం భూమిమీద ఎక్కడ ఉన్నామో తెలిపే ఈ పద్ధతిని జి.పి.యస్. అంటారు. దీని మొదటి ఉపగ్రహాన్ని అమెరికా 1978లో పంపింది. అప్పట్లో ఇది ముఖ్యంగా సైన్యం కోసం. 1983లో ఒక కొరియా విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించగా, దానిని కూల్చివేశారు. 269 మంది మరణించారు. అటువంటి ఘోరం మళ్ళీ జరగకూడదని, ఈ సౌకర్యాన్ని సామాన్య ప్రజలకు కూడా ఇస్తామని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1995లో 24 ఉపగ్రహాలతో ఈ ఏర్పాటు పూర్తి అయినది.

ఇవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉండి, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తాయి. ప్రతి ఉపగ్రహంలోను అణుగడియారాలు ఉంటాయి. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత” అని ఉపగ్రహం ఎడతెగకుండా రేడియో సంకేతం పంపుతుంది. ఆ సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అది ఎంతసేపట్లో చేరిందో చూచి, మన ఫోను దూరాన్ని లెక్క కడుతుంది. ఈ లెక్కలో సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా 300 మీటర్ల తప్పు వస్తుంది!

దూరం తెలిస్తే చోటు ఎలా తెలుస్తుంది? మీ స్నేహితుడు “నేను గ్రంథాలయానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్నాను” అన్నాడనుకోండి. గ్రంథాలయం చుట్టూ గీచిన వృత్తం మీద అతడు ఎక్కడైనా ఉండవచ్చు. “బడికి ఒక మైలు” అని కూడా చెబితే, రెండు వృత్తాలు కలిసే రెండు చోట్లు మిగులుతాయి. మూడవ గుర్తు చెబితే ఒకే చోటు తేలుతుంది. ఉపగ్రహాల లెక్క కూడా ఇటువంటిదే. అయితే మన ఫోనులోని గడియారం అణుగడియారమంత నిక్కచ్చి కాదు. ఆ తేడాను సరిచేయడానికి నాలుగవ ఉపగ్రహం కూడా కావాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ ఉపగ్రహాలు మనలను చూడవు. మనకు దారి చెప్పవు. చోటు తెలియడానికి మాత్రమే అవి సాయపడతాయి. దారిని వెదికేది పటమూ కంప్యూటరూ.

భారతదేశానికి కూడా ఇటువంటి సొంత ఏర్పాటు ఉన్నది. దాని పేరు నావిక్. అందులో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండే పైకి వెళ్ళింది.

తెరమీది మాటలు

గమ్యం: మనం చేరవలసిన చోటు. దీనిని పూర్తిగా ఇవ్వాలి. మెయిన్ స్ట్రీట్ ఇర్వింగ్‌లో ఉన్నది, డాలస్‌లోను ఉన్నది. కనుక ఊరిపేరు, జిప్ కోడు తప్పక చేర్చాలి.

మజిలీ: నడుమ ఆగే చోటు. గుడికి పోతూ దారిలో పూలు కొనాలంటే, పూల దుకాణం మజిలీ.

ఇ.టి.ఎ.: చేరగలమని అంచనా వేసిన సమయం. ఇది అంచనాయే గాని మాట ఇచ్చినట్లు కాదు.

ఎగ్జిట్: పెద్ద రహదారి నుండి బయటికి పోయే దారి.

రీరూటింగ్: మలుపు తప్పినపుడు కొత్త దారి వెదకడం.

టోల్ లేని దారి: సుంకం కట్టనక్కరలేని దారి. దీనిని ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, కాలం పెరగవచ్చు.

ఎర్ర గీత: ఆ దారిలో వాహనాలు కిక్కిరిసి, మెల్లగా కదులుతున్నాయని గుర్తు.

యంత్రం తెలుసుకోలేనివి

ఎత్తయిన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది. అందువల్ల దూరం తప్పుగా తేలవచ్చు. కప్పుగల పార్కింగులో సంకేతం అసలే అందకపోవచ్చు. టెక్సాస్‌లో పెద్ద రహదారుల పక్కనే చిన్న సర్వీసు దారులు సాగుతాయి. కారు దేనిమీద ఉన్నదో ఒక్కొక్కప్పుడు యంత్రం పోల్చుకోలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వాన. ఇర్వింగ్ పొలిమేరలలో ట్రినిటీ నది పాయలు పారుతున్నాయి. పెద్ద వాన కురిస్తే పల్లపు దారులు మునుగుతాయి. ఆ నీరు తెరమీద కనబడకపోవచ్చు. “నేరుగా పొండి” అని యంత్రం చెప్పినా, నీరు నిలిచిన దారిలోకి పోరాదు. కారును వెనుకకు తిప్పుకోవాలి. తెర చెప్పేది సలహా. కన్ను చూచేది నిజం.

ఆపద వచ్చి 911కు ఫోను చేస్తే, ముందుగా అడిగేది “మీరు ఎక్కడ ఉన్నారు?” అని. ఫోను తెలిపే చోటు కొంత అటూ ఇటూ కావచ్చు. కనుక ఊరిపేరు, వీధిపేరు, దగ్గరి కూడలి మీరే చెప్పగలగాలి. కారులో పోతున్నపుడు తెరను మాత్రమే చూడక, బయటి వీధి పలకలను కూడా చదవండి. ఇంటి చిరునామాను కంఠస్థం చేయండి.

అభ్యాసము

1. నాలుగవ ఉపగ్రహం ఎందుకు కావాలి?
2. ఊరిపేరు లేకుండా మెయిన్ స్ట్రీట్ అని మాత్రమే ఇస్తే ఏమి జరుగవచ్చు?
3. తెర “నేరుగా పొండి” అన్నది. ఎదుట నీరు ఉన్నది. ఏమి చేయాలి? ఎందుకు?
4. మీ ఇంటి నుండి బడికి దారిని, యంత్రం చూడకుండా, ఐదు వాక్యాలలో తెలుగులో వ్రాయండి. మీ అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. వారు బడికి చేరగలరేమో అడగండి.