రొయ్యలు, ఒరుగులు: ఒక వంటకమును గూర్చిన పాఠము

అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో, ముఖ్యముగా లూసియానాలో, రొయ్యలను సాసేజిని కలిపి కారముగా వండుట పరిపాటి. ఉల్లి, క్యాప్సికమ్, సెలెరీ కాడలు నూనెలో వేగించి, సాసేజి ముక్కలు చేర్చి, బియ్యము పోసి ఉడికింతురు. రొయ్యలను చివర వేయుదురు. దీని పేరు జంబలాయా. చదువులకై ఆ దేశమునకు వెళ్ళు మన విద్యార్థులు దీనిని ఎట్లు గ్రహింపవలెను, ఇచ్చటి సరుకుతో ఎట్లు వండవలెను అనునదే మేమిచ్చట వివరింపదలచిన విషయము.

సాసేజి అనగా ఉప్పు, మసాలా కలిపిన కైమాను శుభ్రపరచిన పశువు ప్రేగులో కూరి చేసిన పదార్థము. లూసియానాలో వాడు ఆండూయీ అను రకమును సామాన్యముగా పందిమాంసముతో చేసి పొగబెట్టుదురు. కనుక అది మనకు నిషిద్ధము. కోడి సాసేజి కొన్నచో చాలునని తలచరాదు. లోపలి మాంసము కోడిదైనను పైతొడుగు పందిప్రేగు కావచ్చును. కోడి జబహ్ చేయబడినదా అనునదియు అడుగవలసినదే. అడుగుటకు సిగ్గుపడువారు పస్తుండుట మేలు!

నిషిద్ధమని తీసివేసిన వస్తువు వంటలో ఏ పని చేయుచున్నదో తెలిసినగాని దానికి బదులు దొరకదు. సాసేజి ఉప్పునిచ్చును, కొవ్వునిచ్చును, పొగవాసననిచ్చును. జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్టప్రాంతములలో దీనికి దగ్గరి వస్తువు ఒరుగులు. కొందరు ఒట్టితునకలందురు. బక్రీదునాడు మిగిలిన మాంసమును సన్నని పేలికలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెముపై ఎండబెట్టినచో నెలల తరబడి నిలువయుండును. తేమ పోయి ఉప్పు పట్టినచోట సూక్ష్మజీవులు పెరుగజాలవు. అయితే ఒరుగులలో ఉప్పున్నదిగాని కొవ్వు స్వల్పము. అందుచేత నూనె ధారాళముగా పోయవలెను.

రొయ్యల సంగతి వేరు. సముద్రము మచిలీపట్నము వద్దనున్నది. మెట్టకు తేలికగా చేరి నిలువయుండునవి ఎండురొయ్యలే. ఉర్దూలో ఝీంగా అని పిలుచు ఈ ప్రాణిని తినవచ్చునా అను చర్చ మన ఇండ్లలో నేటికిని కలదు. హనఫీ మజ్‌హబులో నీటిప్రాణులలో చేప మాత్రమే హలాల్. రొయ్య చేపయగునా కాదా అనుదానిపై ఆ పండితులలోనే భేదాభిప్రాయములున్నవి. షాఫయీ, మాలికీ, హంబలీ మజ్‌హబులలో అభ్యంతరము లేదు. ఈ భేదమును తీర్చుట మా పని కాదు. కాని విందునాడు రొయ్యలను వేరు గిన్నెలో వండి, కోరినవారికే కలిపి వడ్డించుట మర్యాద. రొయ్యలు సరిపడక ఒడలు దద్దురులెక్కువారికిని అదియే క్షేమము.

నలుగురికి 150 గ్రాముల ఒరుగులు, 75 గ్రాముల ఎండురొయ్యలు, రెండు కట్టల గోంగూర కావలెను. గోంగూరను ఉర్దూలో అంబాడా అందురు. ఒరుగులను గోరువెచ్చని నీటిలో గంటసేపు నానవేసి, ఆ నీటిని పారబోయవలెను. ఉప్పులో అధికభాగము దానితో పోవును. రక్తపుపోటు గల పెద్దలున్న ఇంట నీరు రెండుమార్లు మార్చుట మంచిది. పిమ్మట కుక్కరులో మెత్తబడువరకు ఉడికింపవలెను. రొయ్యలకు తల, తోక తుంచి, నూనె లేకుండ దోరగా వేయించి, ఇసుక పోవువరకు కడుగవలెను. నాలుగు పెద్ద చెంచాల నూనెలో మూడు ఉల్లిపాయలు, ఆరు పచ్చిమిరపకాయలు, అల్లము వెల్లుల్లి ముద్ద వేగిన తరువాత, రెండు చిన్న చెంచాల కారము, ఒరుగులు వేసి కలియబెట్టవలెను.

ఈ కారము మన మెట్టపొలములలో పండునదే గాని, మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దిలో ఇచ్చటికి వచ్చినది. మన రాష్ట్రపు చెరువులలో విస్తారముగా పెంచు వనామీ రొయ్యయు పసిఫిక్ సముద్రపు అమెరికా తీరపు జాతియే. దాని పెంపకమునకు భారతదేశములో 2009లో అనుమతి లభించినది.

గోంగూరను చివర వేసి మగ్గింపవలెను. ఆకు ముద్దయైన పిదప వేరుగా నూనెలో వేగించియుంచిన రొయ్యలను, కోరినవారి పాలికి మాత్రమే కలిపి, రెండు నిమిషములుంచి దింపవలెను. పచ్చిరొయ్యలైనచో మూడు నాలుగు నిమిషములు చాలును, మించినచో రబ్బరువలె సాగును. ఉప్పును మాత్రము అన్నియు కలిసి రుచి చూచిన తరువాతనే, కావలసినచో, వేయవలెను. వేడి అన్నముతోగాని జొన్నరొట్టెతోగాని తినవచ్చును.