ప్రాత కూర్పును విడువవలెనా?

కంప్యూటరు విద్య నభ్యసించు బాలబాలికలు తమ యుపాధ్యాయులను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. నేర్చిన భాష చక్కగా పని చేయుచుండగా, దాని ప్రాత కూర్పును విడిచి క్రొత్త కూర్పునకు మారవలసిన యగత్యమేమి? ఈ ప్రశ్న పిల్లలది మాత్రమే కాదు. వెబ్‌సైట్లు నిర్మించి జీవించు పెద్దలు సయితము దీనిని గూర్చి యేండ్ల తరబడి వాదించిరి. ఆ వాదములలో మిక్కిలి బోధకరమైనది పి.హెచ్.పి. యను భాషయొక్క నాలుగవ కూర్పును గూర్చినది. ఆ కథను, అందుండి మనము గ్రహింపదగిన విషయమును ఇచ్చట వివరింతుము.

మనము తెఱపై చూచు వెబ్ పుటలు రెండు విధములు. కొన్ని ముందుగా వ్రాసి యుంచినవి. అవి యడిగినవారికెల్ల నొకే రూపమున వచ్చును. మఱికొన్ని అడిగినప్పుడు సిద్ధమగునవి. పరీక్షా ఫలితము చూచుటకై విద్యార్థి తన సంఖ్యను వ్రాసి పంపినయెడల, దూరమున నున్న సర్వరు ఆ సంఖ్యను తన పట్టికలలో వెదకి, ఆ విద్యార్థి మార్కులతో నొక పుటను కూర్చి పంపును. సర్వరుచే నిట్టి పని చేయించు భాషలలో పి.హెచ్.పి. యొకటి. రాస్మస్ లెర్డార్ఫ్ అను నాయన 1994వ సంవత్సరమున తన సొంత పుటల కొఱకు దీనిని ప్రారంభించి, 1995లో లోకమున కొసగెను. ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ యను నిరువురు దీనిని తిరుగ నిర్మింపగా 1998లో మూడవ కూర్పును, 2000 మే నెలలో నాలుగవ కూర్పును వెలువడెను. నాలుగవ కూర్పు నేర్చుటకు సులభమైనది. స్వల్పమైన యద్దెకు దొరకు సర్వరులలో సయితము అది యుండెను. కావున చిన్న దుకాణములు, సంఘములు, పాఠశాలలు దానిని ఆశ్రయించెను.

అయిదవ కూర్పు 2004 జులై 13వ తేదీన వెలువడెను. అందలి ముఖ్యమైన మార్పు నొక యుదాహరణముచే తెలిసికొందము. తరగతి హాజరు పట్టీని ప్రోగ్రాములోని యొక వస్తువుగా భావింపుడు. నాలుగవ కూర్పులో ఆ వస్తువును వేఱొక భాగమున కందించినప్పుడు, ప్రత్యేకముగా నొక గుర్తు నుంచిన గాని అసలు పట్టీ పోదు. దాని నకలు పోవును. ఆ భాగము నకలులో హాజరు వేసినను, అసలు పట్టీ ఖాళీగనే యుండును. తప్పెక్కడ నున్నదో తెలియక ప్రోగ్రాము వ్రాసినవారు గంటలకొలది వెదకుకొనవలసివచ్చెడిది. అయిదవ కూర్పులో అందఱును అసలు పట్టీనే చేరుదురు. నకలు కావలసినవారు దానిని స్పష్టముగా నడుగవలెను. ఇదిగాక, వస్తువులోని కొన్ని వివరములను ఇతర భాగములు తాకకుండ దాచు నేర్పాటును, పని నడుమ పొరపాటు సంభవించినచో దానిని పట్టుకొని తగిన మార్గమునకు మరలించు నేర్పాటును ఇందు చేర్చిరి.

ఇంత మేలైన కూర్పు వచ్చి మూడేండ్లు గడచినను ప్రాతది పోలేదు. సర్వరుల నద్దెకిచ్చు సంస్థలు, తమ యద్దెదారుల ప్రోగ్రాములు చెడునని వెనుదీసెను. ప్రోగ్రాములు వ్రాయువారు, అద్దె సర్వరులలో నాలుగవ కూర్పే యున్నదని దానికే వ్రాయుచుండిరి. ఇరుకు వాకిట నెదురుపడిన యిద్దఱు మర్యాదస్థులు "మీరు ముందు, మీరు ముందు" అనుచు నిలిచిపోయినట్లయ్యెను.

ఈ చిక్కు విడుటకు 2007లో మార్గ మేర్పడెను. డ్రూపల్ మొదలగు ప్రోగ్రాముల నిర్మాతలు 'గో పి.హెచ్.పి. 5' అను పేర నొక యొడంబడిక చేసికొనిరి. 2008 ఫిబ్రవరి 5వ తేదీ మొదలు తాము వెలువరించు క్రొత్త కూర్పులకు పి.హెచ్.పి. 5.2 గాని, దానికి పైది గాని యుండవలెనని దాని సారాంశము. ఆ 2007వ సంవత్సరముననే జులై 13న భాషా నిర్మాతలును ఒక ప్రకటన చేసిరి. 2007 డిసెంబరు 31తో నాలుగవ కూర్పు పోషణ ముగియుననియు, మిక్కిలి ప్రమాదకరములగు లోపములను మాత్రము 2008 ఆగస్టు 8 వఱకు దిద్దుదుమనియు తెలిపిరి. కడపటిదైన 4.4.9 కూర్పు 2008 ఆగస్టు 7న వెలువడెను.

అందఱును దీని కొప్పుకొనలేదు. వారి యాక్షేపణలు తేలికగా త్రోసివేయదగినవి కావు. పుటను చదువువానికి లోపల నే కూర్పున్నదో తెలియదు. వానికి గలుగు లాభమేమి? ప్రోగ్రాము వ్రాసినవాడు వెడలిపోయిన చిన్న సంఘమునకు దానిని తిరుగ వ్రాయించు ధనమెక్కడిది? నకలుపై నాధారపడి వ్రాసిన ప్రోగ్రాము, క్రొత్త కూర్పులో అసలు పట్టీనే మార్చివేసిన నెవరు బాధ్యులు? ఈ విధమగు విచారముచే కొందఱు నిదానించిరి. బహుళముగా వాడబడు వర్డ్‌ప్రెస్ 2011 జులైలో వెలువడిన తన 3.2వ కూర్పు వఱకు నాలుగవ పి.హెచ్.పి.ని విడువలేదు.

ఐనను ఒక విషయమున ఈ యాక్షేపణలకు బలము చాలదు. పోషణ ముగిసిన కూర్పులో క్రొత్తగా నొక లోపము బయటపడినచో దానిని దిద్దువా రుండరు. కాని దానిని వినియోగించుకొను దొంగ లుందురు. ఇంటి తాళమునకు మాఱుచెవి యున్నదని ఊరెల్ల తెలిసిన పిదప, తాళ మింకను పడుచున్నది గదా యని సంతోషింప వచ్చునా? మఱియు ఆ యింటిలో నున్న సొత్తు ఇంటి యజమానునిది మాత్రమే కాదు. సర్వరు పట్టికలలో విద్యార్థుల పేరులు, తలిదండ్రుల చిరునామాలు, కొనుగోలుదారుల లెక్కలు ఉండును. మార్పును వాయిదా వేయువాడొకడు, నష్టపడువారు వేఱొకరు. వారి యనుమతి నెవ్వరును అడిగి యుండరు. కావున ప్రాత కూర్పు ప్రాతదైనందున గాక, కావలి లేనిదైనందున విడువదగినది.

విడుచుటకును ఒక పద్ధతి కలదు. తేదీని ముందుగా చాటవలెను. ఒక్కరుగా గాక పలువురు కలిసి కదలవలెను. ప్రోగ్రామును వేఱొక సర్వరుపై నకలుగా నుంచి, క్రొత్త కూర్పులో పరీక్షించి, తప్పులు దిద్దిన పిదపనే అసలుదానిని మార్చవలెను. శక్తి చాలని వారికి శక్తి గలవారు తోడుపడవలెను. మొదటి మూడేండ్లలో గాని పని 2007 తరువాత సాగుటకు ఈ తేదీయు, ఈ ఐకమత్యమును ముఖ్య కారణములు.

ఈ ప్రశ్న ఒక్కమారుతో తీరునది కాదు. ఆఱవ కూర్పు పూర్తికాకయే నిలిచిపోయెను. ఏడవది 2015 డిసెంబరులో వచ్చెను. ఒకప్పుడు క్రొత్తదైన అయిదవ కూర్పులో కడపటి శాఖయగు 5.6 పోషణ 2018 డిసెంబరు 31న ముగిసెను, 7.4 వంతు 2022 నవంబరు 28న వచ్చెను. ఇప్పుడు ప్రతి శాఖకును రెండేండ్లు సంపూర్ణ పోషణయు, మఱి రెండేండ్లు భద్రతా లోపముల దిద్దుబాటును ముందే నిర్ణయింపబడియున్నవి.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఇట్టి ప్రోగ్రాములు వ్రాయుదురు. మీరు వ్రాసినది మీరు లేనప్పుడును ఎవరో యొకరు మార్చవలసివచ్చునని యెఱిగి, స్పష్టముగా వ్రాయుడు. ఏ కూర్పునకు వ్రాసితిరో, దాని పోషణ యెన్నడు ముగియునో మొదటి పుటయందే గుర్తింపుడు. ఆ యొక్క పంక్తి మీ తరువాత వచ్చువారికి గొప్ప సహాయమగును.